ఇరవై మూడు గూటాలు

మా మామగారి మీద నాకున్న ఫిర్యాదు ఒక్కటే. ఆయన అనుమానానికి ఆదివారం కూడా సెలవుండదు.

మెథడిస్టుల చర్చి గంట మా లూథరన్ల గంట కంటే రెండు నిమిషాలు ముందు మోగితే, ఆయన లెక్కలో అది గడియారంలో తేడా కాదు, పథకం. కిరాణా కొట్టుకు వెళితే బంగాళాదుంపల వైపు చూడరు, త్రాసు పక్కనున్న కొట్టువాడి బొటనవేలి వైపు చూస్తారు. నది అవతల ఇల్లినాయ్ వైపున్న టీవీ స్టేషనువాళ్లు రేపు వాన అని చెబితే, "అయితే రేపు దుప్పట్లు ఉతుకు" అంటారు నాతో. నేను ఆపిల్ పై చేసినప్పుడల్లా ఫోర్కుతో పైపొర కొద్దిగా ఎత్తి లోపలికి చూస్తారు. పదకొండేళ్లుగా దాని కింద ఆపిల్ ముక్కలే ఉన్నాయి. అయినా చూస్తారు. ఒకసారి ఊరికే సరదాకి బేరికాయలు పెట్టాను. ఏమీ అనలేదు. తిన్నంతసేపూ నన్నే చూస్తూ తిన్నారు.

ఎమిల్ టీడెమన్ అంటే మా మార్లో ల్యాండింగులో తెలియనివాళ్లు లేరు. గుండీల ఫ్యాక్టరీలో ముప్పై ఎనిమిదేళ్లు ఆల్చిప్పల్లోంచి గుండీలు కోశారు. ఆ పనిలో కుడిచేతి చూపుడువేలి కొస పోయింది. ప్లాస్టిక్ గుండీలు వచ్చి ఫ్యాక్టరీ మూతపడ్డాక దక్షిణపేట కరకట్ట కాపలాకు పెద్ద అయ్యారు. అనుమానం జీవితాంతం సాధన చేసిన మనిషికి అంతకంటే తగిన పని లేదు. ప్రతి వసంతంలోనూ ఎర్ర పట్టీ చేతికి కట్టుకుని, ఇద్దరిద్దరు మనుషుల్ని కట్ట మీద అటూ ఇటూ నడిపిస్తారు. మా వంటింటి కిటికీలోంచి చూస్తే కరకట్ట కనిపిస్తుంది, నది కనిపించదు. నది కనిపించిన రోజున ఇక ఆ వంటింటితో నాకు పని ఉండదు.

పంతొమ్మిది వందల అరవై ఐదులో నది ఎగువన మిన్నెసోటాలో మంచు ఆలస్యంగా, ఒక్కసారిగా కరిగింది. ఏప్రిల్ మొదటి వారానికల్లా నది కట్టను ఆనుకుంది. బడులు మూసేశారు. హైస్కూలు పిల్లలు కోర్టు ముందు ఇసుక బస్తాలు నింపుతుంటే, ఆడవాళ్లందరం చర్చి కింద గదిలో హ్యామ్ శాండ్‌విచ్‌లు మైనం కాగితంలో చుట్టాం. దక్షిణపేటలో నూట నలభై ఇళ్లు. వరదకు బీమా ఇచ్చేవాడు ఎక్కడా లేడు. మా ఇల్లు మామగారు సొంత చేతులతో కట్టింది, కట్టకు అరవై గజాల దూరం. కట్ట నిలిస్తే ఇల్లు ఉంటుంది, లేకపోతే లేదు. మాకు ఆ ఏడాది వేరే ఏ విషయమూ లేదు.

ఈస్టరు ముందు మంగళవారం, కాపలావాళ్లకు శాండ్‌విచ్‌లు పట్టుకుని కట్ట దిగువ దారిన వెళుతున్నాను. మా పొరుగు హేబర్‌కార్న్‌వాళ్ల కోళ్ల గూడు వెనక వర్జిల్ ప్రూయిట్ మోకాళ్ల మీద కూర్చుని ఉన్నాడు. చేతిలో చెక్క సుత్తి. కట్ట పాదంలో ఒక కర్ర గూటం దిగేస్తున్నాడు. గూటం తలకు ఎర్రటి పేలిక కట్టి ఉంది. అటు చూస్తే అలాంటివే ఇంకా నాలుగైదు.

వర్జిల్ నది మనిషి. కట్ట బయట పాయలో ఇంటిపడవ కట్టుకుని ఒక్కడే ఉంటాడు. ఫ్యాక్టరీ ఉన్నన్నాళ్లూ నది అడుగునుంచి ఆల్చిప్పలు తీసి అమ్మాడు, తర్వాత చేపలు. పుట్టింది అవతలి ఒడ్డున. ఇక్కడికొచ్చి నలభై ఏళ్లయినా మావాళ్లు అతణ్ణి "అవతలివాడు" అనే అంటారు.

"ఏమ్మా, హ్యామేనా?" అన్నాడు బుట్ట వైపు చూసి.

"హ్యామే. ఈ గూటాలు ఎవరు పాతమన్నారు మీకు?"

"ఎవరూ అనలేదు. నిన్న మీ మామగారితో మాట్లాడదామని వెళ్లా. నన్ను చూసి తుపాకీ ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. సర్లే అని నా పని నేను చేసుకుంటున్నా."

"ఏమిటా పని?"

"గుర్తులు పెడుతున్నా."

"దేనికి?"

అతను లేచి నడుం నిమురుకుంటూ మా ఇంటి వైపు చూశాడు. "ఆ పసుపుపచ్చ ఇల్లు మీదే కదా. తెగితే ముందు పోయేది అదేనమ్మా."

ఇంకేదో చెప్పబోయాడు. నా బుట్టలో ఇంకా తొమ్మిది శాండ్‌విచ్‌లున్నాయి, పైన కాపలావాళ్లు కిందికి తొంగి చూస్తున్నారు. ఒకటి అతని చేతిలో పెట్టి వచ్చేశాను. అతను మోకాళ్లూనిన చోట నేల తడిగా ఉంది. వసంతంలో నేల తడిగా కాక ఇంకెలా ఉంటుంది అనుకున్నాను.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర ఈ సంగతి చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది అనను. చెప్పిన తీరు వేరుగా ఉండాల్సింది. మా ఇంట్లో నేను ఏది చెప్పినా ఇద్దరు మగాళ్లూ ప్లేట్లలోంచి తల ఎత్తరు. అందుకని ఏళ్ల తరబడి చిన్నచిన్న మెరుగులు దిద్దడం అలవాటు చేసుకున్నాను. ఇక్కడ ఒక దగ్గు, అక్కడ ఒక చూపు. "తెగితే ముందు పోయేది అదేనమ్మా అన్నాడు" అని, ఒక క్షణం ఆగి, "అని నవ్వాడు" అన్నాను.

వర్జిల్ నవ్వలేదు. నాకు తెలుసు.

మామగారు ఫోర్కు కింద పెట్టారు. "నవ్వాడా?"

"నవ్వాడు."

"ఎలా?"

"పళ్లు కనిపించేలా."

"వర్జిల్‌కి ముందుపళ్లు లేవు కదా," అన్నాడు మా ఆయన లైల్.

"ఉన్నవి కనిపించేలా."

లైల్ నవ్వాడు. మామగారు నవ్వలేదు. "నాకు తెలుసు," అన్నారు. "నలభై మూడేళ్లుగా కాచుకుని ఉన్నాడు."

ఆ కథ మాకందరికీ కంఠతా వచ్చు. ఇరవై రెండు నాటి వరదలో అవతలి ఒడ్డు కట్ట తెగింది. వాళ్ల ఊరు మునగగానే మా వైపు నీళ్లు అడుగున్నర తగ్గాయి. మార్లో ల్యాండింగువాళ్లే పడవలో వచ్చి తెగ్గొట్టారని వాళ్లు ఇప్పటికీ అంటారు. కాదని మేము అంటాం. ఎవరూ చూసింది లేదు. వర్జిల్ పుట్టిన ఇల్లు ఆ వరదలోనే పోయింది.

"ఎక్కడ తెగ్గొట్టాలో గుర్తులు పెట్టుకుంటున్నాడు," అన్నారు మామగారు. "ఎర్ర పేలికలు ఎందుకు? నీళ్ల మీంచి కనబడ్డానికి."

"కట్టకి ఇవతలి వైపు పాతితే నీళ్ల మీంచి ఎలా కనబడతాయి నాన్నా?" అన్నాడు లైల్.

"నువ్వు తిను," అన్నారు ఆయన.

మర్నాడు పొద్దున్నే కాపలావాళ్లు గూటాలన్నీ పీకేశారు. మొత్తం ఇరవై మూడు. మామగారు వాటిని సాక్ష్యమని మా వెనక వసారాలో పేర్చి పైన గోనెపట్టా కప్పారు. అదే రోజు ఊరిపెద్దల సమావేశం జరిగింది. చేతికి పట్టీ లేనివాడు కట్ట దరిదాపులకు రాకూడదన్నారు. వర్జిల్ ఇంటిపడవ కట్టకు అంత దగ్గరగా ఉండకూడదు, శుక్రవారం మధ్యాహ్నం లోపల పాయలోంచి తీసి ధాన్యం గోదాం కింద ఒడ్డుకు కట్టుకోవాలన్నారు. షెరీఫ్ మనిషి వెళ్లి చెప్పాడు.

"అక్కడ ప్రవాహం నేరుగా కొడుతుంది," అన్నాడట వర్జిల్. అంతకుమించి వాదించలేదట. వాదించకపోవడం కూడా అతని మీద ఇంకొక నేరమైంది.

గురువారం చర్చి కింద గదిలో అల్మా హేబర్‌కార్న్ నా పక్కన నిలబడి రొట్టెకు వెన్న రాస్తోంది. అల్మా చేతిలో కత్తి ఎంత వేగంగా నడుస్తుందో నోరూ అంతే.

"ఏమే ఆర్డిత్, నీకు కత్తి చూపించాడటగా?"

"ఎవరు?"

"ఇంకెవరు, ఆ అవతలివాడు. మా కోళ్ల గూటి వెనక. నువ్వు బుట్ట అక్కడే పడేసి పరిగెత్తావట."

"బుట్ట నా దగ్గరే ఉంది. సుత్తి తప్ప ఏమీ లేదతని చేతిలో."

"ఆ, సుత్తే. అదీ తక్కువేమీ కాదు," అంది అల్మా. ఆ బల్లకు అటు చివర ఎవరో, సుత్తి కాదు, సంచిలో డైనమైటు ఉందన్నారు. మా ఇంటి భోజనాల బల్ల దగ్గర ఒక నవ్వుగా బయల్దేరినది రెండు రోజుల్లో ఎక్కడిదాకా వెళ్లిందో చూసి నాకు నవ్వొచ్చింది. అప్పుడు అందరికీ వినపడేలా ఒక్క మాట చెప్పి ఉండొచ్చు. హ్యామ్ ముక్కలు తక్కువొస్తాయేమోనని లెక్కపెట్టుకుంటూ ఉండిపోయాను.

ఈస్టరు నాడు మధ్యాహ్నం ప్రార్థన అయి బయటికొచ్చేసరికి గోదాం దగ్గర జనం మూగి ఉన్నారు. ఎగువ నుంచి వేళ్లతో సహా కొట్టుకొచ్చిన పెద్ద చెట్టు ఒకటి ఇంటిపడవను మధ్యకు కొట్టింది. నేను చూసేసరికి పైకప్పు ఒక మూల మాత్రం నీళ్ల మీద ఉంది. దాని మీద పొగగొట్టం వంగి ఉంది. వర్జిల్ ఒడ్డున నిలబడి ఉన్నాడు, కాళ్లకు మేజోళ్లే, బూట్లు లేవు. చంకలో గోడ గడియారం. అది ఇంకా నడుస్తోంది.

పాస్టరు గారు అతణ్ణి చర్చి కింద గదికి తీసుకొచ్చి మంచం వేయించారు. ఆడవాళ్లు అతనికి దూరంగా, కాఫీ కుండకు దగ్గరగా నిలబడ్డారు.

"గడియారమొక్కటే ఎందుకు తెచ్చుకున్నాడంటావు?" అని మామగారు దారిలో నన్నడిగారు.

"చేతికి అదే అంది ఉంటుంది."

"డైనమైటుకి గడియారం కావాలి," అన్నారు ఆయన. ఆ మాట ఎక్కడ పుట్టిందో ఆయనకు తెలియదు. నాకు తెలుసు. అయినా నాకు కలిగింది జాలి కాదు. ఏమో, నిజంగానే అతనికి ఏదైనా ఉద్దేశం ఉందేమో అనుకున్నాను. ఉంటే నాకు బాగుంటుంది కాబట్టి అనుకున్నాను. అతను చెడ్డవాడైతే నేను చేర్చిన నవ్వు అబద్ధం కాదు, ముందుచూపు.

అందుకే సోమవారం గుడ్లకోసం అల్మా ఇంటికి వెళ్లినప్పుడు, పనిగట్టుకుని కోళ్ల గూడు వెనక్కి వెళ్లాను. గూటం పీకిన చోటు పక్కనే నేలలోంచి నీళ్లు ఊరుతున్నాయి. పలచటి జావ ఉడికినట్టు ఇసుక చిన్నగా పైకి లేచి పడుతోంది. చుట్టూ పళ్లెమంత ఇసుక గట్టు కట్టింది.

ఆ సాయంత్రం మామగారికి చెబితే ఆయనకు ముందే తెలుసు. "అలాంటివి ఇంకా చాలా ఉన్నాయి. వాడే ఇనుప కడ్డీతో కన్నాలు పొడిచాడు. అందుకే పైన ఇంకో నలుగుర్ని తుపాకులతో పెట్టాను."

"కింద ఊరేదానికి పైన తుపాకులెందుకు?"

"మళ్లీ రాకుండా."

"ఊటా, మనిషా?"

ఆయన నా వైపు చూసిన చూపులో బేరికాయలు గుర్తుకొచ్చినట్టున్నాయి.

నాకు కాలేజీలో గృహవిజ్ఞానం చెప్పారు. అందులో ఇల్లు చక్కబెట్టడానికి పనికొచ్చింది తక్కువ కానీ, ఏది తేటపడాలన్నా సీసాలో పోసి కదపకుండా ఒక రాత్రి ఉంచాలన్నది మర్చిపోలేదు. ద్రాక్షరసం జెల్లీకి అలాగే చేస్తాను. కన్నం పొడిచినవాడి ఆనవాలు ఏదైనా, తుప్పో చెక్కపొడో, అడుగుకు చేరుతుందని ఒక జామ్ సీసా నింపుకొచ్చి వంటింటి కిటికీలో పెట్టాను. పొద్దున్న చూస్తే నీళ్లు తేటగా ఉన్నాయి, అడుగున చిటికెడు ఇసుక. తుప్పు లేదు.

మంగళవారం ఇంకో సీసా. అడుగున రెండు వేళ్ల మందం ఇసుక. అందులో ఏదో తళుకు.

బుధవారం సీసా పొద్దుటికీ తేటపడలేదు. దానిలో పడాల్సిందంతా పడి, ఇంకా బూడిదరంగు మిగిలింది. ఆ రోజు ఊట నోట్లోంచి ఒక ముక్క కూడా తీశాను. బొటనవేలి గోరంత ఆల్చిప్ప ముక్క. ఒక పక్క అర్ధచంద్రంలా నున్నగా కోసి ఉంది. నదిలో దొరికే ఆల్చిప్పకు అలాంటి అంచు ఉండదు.

నది పై మట్టానికి చేరేది శనివారమని రేడియో చెబుతోంది. ఇంకా రెండడుగులు పెరుగుతుందట.

గురువారం పొద్దున్న మామగారి కాఫీ పక్కన మూడు సీసాలూ వరసగా పెట్టాను. వాటి మీద జామ్ సీసాలకు అంటించే కాగితాలే అంటించి సోమ, మంగళ, బుధ అని రాశాను. ముక్కను సాసరులో పెట్టాను. మామూలుగా అయితే సీసాల్లో ఏమిటని, ఎందుకని, ఎవరు పంపారని అడగాలి. ఆయన అడగలేదు. ముక్కను తీసుకుని కుళాయి కింద కడిగి, చొక్కాకు తుడిచి, కోత ఉన్న అంచును కొస పోయిన చూపుడువేలికి ఆనించుకున్నారు. సరిగ్గా పట్టింది.

"ముప్పై లైను," అన్నారు.

"అంటే?"

"కోటు గుండీ కొలత." కుర్చీలో కూర్చున్నారు. "ఎక్కడిది?"

"హేబర్‌కార్న్‌వాళ్ల కోళ్ల గూడు వెనక. గూటం పీకిన చోట."

లైల్ టోపీ పెట్టుకుని బయల్దేరబోయినవాడు తలుపు దగ్గరే ఆగిపోయాడు.

"ఇరవై రెండు వరద తర్వాత కట్ట ఎత్తు పెంచాలన్నారు," అన్నారు మామగారు, సీసాలతో చెబుతున్నట్టు. "వెడల్పూ పెంచాలన్నారు. మట్టి కొండ అవతల నుంచి తేవాలి. ఫ్యాక్టరీ వెనకేమో కోసేసిన ఆల్చిప్పల గుట్ట, ఇంటెత్తు ఉండేది. ఊరికే తీసుకుపొమ్మన్నారు. నాకు ఇరవై మూడేళ్లు. కంచరగాడిదల బండి తోలేవాణ్ణి. ఎండాకాలమంతా తోలాను. పోసి, పైన రెండడుగులు మట్టి కప్పి, గడ్డి వేశాం. చూడ్డానికి చాలా బాగుండేది."

"ఊరి శతాబ్ది పుస్తకంలో నికార్సైన నీలిమట్టి కట్ట అని ఉంది కదా," అన్నాను. ఆ పుస్తకం రాసింది చనిపోయిన మా అత్తగారు. ఆపిల్ పై వంట పోటీల్లో నెగ్గినవాళ్ల పేర్లకు మూడు పేజీలు, కరకట్టకు ఒక వాక్యం.

"మీ అత్త అడిగింది. నేనే అలా రాయమన్నాను."

లైల్ మెల్లిగా అన్నాడు, "అయితే వర్జిల్ కన్నాలు పొడవలేదా?"

"ఎవడూ పొడవక్కర్లేదురా. లోపలున్నవన్నీ కన్నాలే."

లేచి టోపీ పెట్టుకున్నారు. కాఫీ అలాగే ఉంది.

నేను వెనకాలే వెళ్లాను. చర్చి కింద గదిలో వర్జిల్ ఎవరివో పెద్ద రబ్బరు బూట్లు వేసుకుని బంగాళాదుంపలు చెక్కు తీస్తున్నాడు. మామగారు వెళ్లి ఎదురుగా నిలబడ్డారు. కాఫీ కుండ దగ్గర మాటలు ఆగాయి.

"వర్జిల్. ఎన్ని పెట్టావు?"

"ఇరవై మూడు."

"ఎక్కడెక్కడో గుర్తుందా?"

"తెలుసుకోవాలనుందా నీకు?"

"ఉంది."

వర్జిల్ చేతిలో ఉన్న దుంప చెక్కు చివరిదాకా తీసి గిన్నెలో వేశాడు. "మొన్న వారమే చెబుదామని వచ్చా. అప్పుడు ఆ చోట్లన్నిటా నీళ్లు తేటగా ఊరుతున్నాయి. ఇప్పుడెలా వస్తున్నాయి?"

"మురికిగా."

వర్జిల్ కత్తి పక్కన పెట్టేశాడు. "అంటే కట్ట లోపలిది కొట్టుకొస్తోంది. నా గూటాలేవి?"

"మా వసారాలో."

"తెప్పించు. ఆ ఎర్ర బట్ట నా చలికాలపు లోదుస్తులది. నా మిగిలిన బట్టలన్నీ ఇప్పుడు నదిలో ఉన్నాయి."

అతను కట్ట పాదం వెంట ముందు నడిచాడు, మామగారు గూటాలు మోస్తూ వెనక నడిచారు. ఊళ్లో సగం మంది ఆ దృశ్యం చూశారు. చేతికి పట్టీ లేకుండా కట్ట దగ్గరికి ఎలా వచ్చావని కాపలావాడు ఒకడు అడగబోతే, మామగారు తన పట్టీ విప్పి వర్జిల్ చేతికి కట్టారు. అని వదిలేస్తే కథ బాగుండేది. నిజానికి ఆ పట్టీ వర్జిల్ చేతికి చాలలేదు, జేబులో పెట్టుకున్నాడు.

తుపాకులు దించేసి మగాళ్లందరూ కిందికి దిగారు. ప్రతి ఊట చుట్టూ బావికి కట్టినట్టు ఇసుక బస్తాలతో గుండ్రంగా గోడ కట్టాలన్నాడు వర్జిల్.

"నోటి మీదే నాలుగు బస్తాలు పడేస్తే ఆగదా?" అన్నాడు లైల్.

"ఆగుతుంది. ఆగి మీ వంటింట్లో లేస్తుంది. నీళ్లని రానియ్. గోడలో నిలబడనియ్. నిండేకొద్దీ దాని బరువే దాన్ని తొక్కి పడుతుంది. మురికి పోయి తేట వచ్చిందంటే ఇక దాని జోలికి పోకు."

ఇరవై మూడు గోడలు కట్టడానికి గురువారం, శుక్రవారం పట్టింది. కోళ్ల గూడు అడ్డమొస్తే అల్మా తనే గొడ్డలి పట్టుకుని కూలగొట్టింది, కోళ్లను మా వసారాలోకి తోలింది. శనివారం పొద్దున్న నేను బట్టలారేసే గుంజ దగ్గర, ఎవరూ గూటం పెట్టని చోట, ఇరవై నాలుగోది లేచింది. ఆపిల్ పై పోటీల్లో నెగ్గిన ఆడవాళ్లు, పాస్టరు గారు, మెథడిస్టులు, అందరం వరసలో నిలబడి బస్తాలు చేతులు మార్చాం. మామగారు మెథడిస్టుల పాస్టరు పక్కనే నిలబడి బస్తాలందుకున్నారు. గంట సంగతి ఎత్తలేదు.

నది ఆ మధ్యాహ్నం కట్ట అంచుకు ఆరంగుళాల కింద ఆగింది. ఆదివారానికి మూడంగుళాలు దిగింది. బుధవారానికి రెండడుగులు.

ఆ బుధవారం సాయంత్రం చర్చి కింద గదిలో ఊరందరికీ భోజనాలు పెట్టాం. మేయరు లేచి దేవుడికి, హైస్కూలుకు, హ్యామ్ పంపిన రైతులకు కృతజ్ఞతలు చెప్పాడు. వర్జిల్ పేరు కూడా చెప్పాడు, రైతుల తర్వాత. వర్జిల్ గోడ పక్క బల్ల దగ్గర కూర్చుని తల వంచుకుని తింటున్నాడు. గోదాం కింద నది తగ్గాక అతని పడవలో మిగిలింది పొయ్యి మూత ఒకటే.

అప్పుడు మామగారు లేచారు. ఆయన జీవితంలో నలుగురి ముందు మాట్లాడగా నేను చూడలేదు. రెండు చేతులూ బల్ల మీద ఆనించుకున్నారు.

"కట్టలో ఆల్చిప్పలు పోసింది నేను," అన్నారు. "మట్టి అని చెప్పిందీ నేనే. ఇది ఒకటి." కొంచెం ఆగారు. "వర్జిల్ గూటాలు పాతడం చూసింది నేను. కోళ్ల గూడు వెనక. బెదిరించాడని, నవ్వాడని ఊళ్లో అన్నారు కదా. అది నా దగ్గర్నుంచే వచ్చింది. పడవ పాయలోంచి తీయించింది నేను. ఇది రెండోది."

కూర్చున్నారు. నా వైపు చూడలేదు. గదిలో ఎవరూ నా వైపు చూడలేదు. లైల్ ఒక్కడే తన ప్లేటు వైపు చాలా శ్రద్ధగా చూస్తున్నాడు. "పాపం, ముసలాయన," అంది అల్మా నా చెవి దగ్గర. వర్జిల్ మామగారి వైపు చూసి తల ఒకసారి ఆడించాడు, అంతటితో సరిపెట్టుకున్నట్టు.

నా చేతిలో కాఫీ కూజా ఉంది. అందరికీ పోయాల్సిన వేళ. ఎవరూ ఏమీ అడగడం లేదు. ఇంకో అరనిమిషం ఆగితే చివర్లో తినే తీపి, రూబార్బ్ పై, బల్లల మీదికి వస్తుంది, గది మళ్లీ మాటల్లో పడుతుంది, అది మామగారి తప్పుగానే ఈ ఊరి చరిత్రలో ఉండిపోతుంది. ఈసారి ఎవరైనా పుస్తకం వేస్తే, వేసేది బహుశా నేనే.

కూజా వర్జిల్ ముందున్న బల్ల మీద పెట్టాను. చప్పుడు నేననుకున్నదానికంటే గట్టిగా అయింది.

"చూసింది మామగారు కాదు," అన్నాను. "నేను."

"ఆర్డిత్, కూర్చో," అన్నారు మామగారు.

"ఆ రోజు ఆయన ఇంటి దగ్గర ఉన్నారు. కోళ్ల గూడు వెనకికి వెళ్లింది నేను. గుర్తులు పెడుతున్నానని మీరు చెప్పారు. దేనికని అడిగాను కానీ, చెప్పేదాకా ఆగలేదు." తర్వాతి మాటను ఏ మెరుగూ లేకుండా చెప్పాలి. ఇన్నేళ్లుగా ఏది చెప్పాలన్నా నోటికి తేలిగ్గా వచ్చేది. వర్జిల్ ఫోర్కు కింద పెట్టి నా మొహంలోకి చూస్తున్నాడు.

"మీరు నవ్వలేదు," అన్నాను. "నవ్వారని ఇంట్లో నేను చెప్పాను. భోజనాల దగ్గర నా మాట వింటారని ఆ నవ్వు కలిపాను. ఇక్కడ కత్తి అన్నప్పుడు, డైనమైటు అన్నప్పుడు కూడా విని ఊరుకున్నాను. తప్పు నాది, వర్జిల్."